తాగి కొట్టిన కేసుల్లో తీర్పు నకలు తెలుగులో ఇవ్వండి: ఒడిశా సరిహద్దు జిల్లాల న్యాయ, జైలు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా న్యాయసేవా అధికార సంస్థల కార్యదర్శులకు, జైలు సూపరింటెండెంట్లకు, అప్పీళ్లు వాదించే వకీళ్లకు,

నమస్కారం.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, చికిటి, బరంపురం చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాల తరఫున రాస్తున్న లేఖ ఇది. మేము పారాలీగల్ వాలంటీర్లం, వకీళ్ల గుమాస్తాలం, ఖైదీల ఇళ్లవాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాళ్లం. ఇవే సంగతులు ఇంతకుముందు రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. జవాబు రాలేదు. ఏ కార్యాలయమన్న తగువు మాకు అక్కర్లేదు కాబట్టి పేరు రాయడం లేదు.

సారా దుకాణం ముందరో, సంతలోనో, యాత్ర రాత్రో తాగి గొడవపడి ఎదుటి మనిషిని తీవ్రంగా గాయపరిచాడని రుజువై జైలు శిక్ష పడినవాడికి అప్పీలు హక్కు ఉంది. దానికి గడువు ఉంది. ఆ గడువు నడవడం మొదలయ్యే కాగితం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది. చదవాల్సినవాడికి వచ్చింది తెలుగు, అది కూడా చాలామందికి మాట వరకే. మా ఫిర్యాదంతా ఇదే.

కొట్టినవాణ్ని వెనకేసుకు రావడానికి ఈ ఉత్తరం రాయలేదు. దవడ విరిగి గంజి తాగి బతుకుతున్నవాడూ మా వీధివాడే, అతని ఇంటికీ మేమే అర్జీలు రాస్తున్నాం. అయితే శిక్ష ఎంత, ఏ సెక్షన్ కింద అన్నది చట్టం ప్రకారం తేలాలి. కాగితం అర్థం కాకపోవడం వల్ల తేలకూడదు.

1. గడువు సంగతి.

మేజిస్ట్రేటు శిక్ష వేస్తే అప్పీలు జిల్లా సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో. సెషన్స్ కోర్టే విచారించి శిక్ష వేస్తే కటక్‌లోని హైకోర్టుకు, 60 రోజుల్లో. 1963 నాటి లిమిటేషన్ చట్టం షెడ్యూలులో 115వ అంశం ఇది. సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన రోజుల్ని 12వ సెక్షన్ ప్రకారం లెక్కలోంచి తీసేస్తారు. కానీ దరఖాస్తు పెట్టకుండా గడిపిన రోజులూ, కాపీ సిద్ధమయ్యాక వెళ్లి తెచ్చుకోని రోజులూ ఖైదీ ఖాతాలోనే పడతాయి. అందుకే తీర్పు వచ్చిన రోజే నకలు దరఖాస్తు వేయించాలి, కాపీ మీద ముద్ర కొట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. గడువు దాటితే 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని అడగవచ్చు. దానికి అఫిడవిట్ కావాలి, కారణం నమ్మదగ్గదిగా ఉండాలి. ‘మాకు తెలీదు’ అన్న ఒక్క ముక్కతో ఆ పని జరగదు.

మరణశిక్ష పడితేనే అప్పీలు గడువు ఎంతో న్యాయమూర్తి ముద్దాయికి చెప్పి తీరాలని చట్టం అంటోంది. రెండేళ్లో ఏడేళ్లో పడ్డవాడికి చెప్పాలన్న నిర్బంధం లేదు. చెప్పకూడదన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

2. నకలు, తర్జుమా.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 404వ సెక్షన్ ప్రకారం జైలు శిక్ష పడినవాడికి తీర్పు చెప్పిన వెంటనే నకలు ఉచితంగా ఇవ్వాలి. అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ముద్దాయి దరఖాస్తు పెట్టుకుంటే, వీలైనంత మేరకు, అతని సొంత భాషలో తర్జుమా ఇవ్వాలి. అప్పీలుకు వీలున్న కేసయితే అదీ ఉచితమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363లోనూ ఇదే ఉంది. అంటే మేము కొత్త వరం అడగడం లేదు. 1978లోనే హాస్కాట్ కేసులో సుప్రీంకోర్టు, తీర్పు నకలు జైలుకు పంపితే దాన్ని త్వరగా ఖైదీ చేతికిచ్చి రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలని, అప్పీలు వేసుకోవడానికి జైలు అన్ని సదుపాయాలూ కల్పించాలని, స్తోమత లేనివాడికి వకీలును పెట్టాలని చెప్పింది. ఆ కేసులో ఖైదీ అప్పీలు ఏళ్ల తరబడి ఆలస్యం కావడానికి మూలం నకలు చేతికి అందకపోవడమే.

రసీదు పుస్తకంలో వేలిముద్ర పడుతోంది, ఆ మాట నిజం. ఆ వేలిముద్రతో కాగితం చేతికి వచ్చినట్టు తెలుస్తుంది. అందులో ఏముందో అతనికి తెలిసినట్టు కాదు.

‘వీలైనంత మేరకు’ అన్న మాట పట్టుకుని వీలు లేదనడం ఈ ప్రాంతంలో చెల్లదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ వచ్చినవాళ్లు ఇక్కడి వకీళ్లలోనే ఉన్నారు. సుప్రీంకోర్టు తన తీర్పుల్ని తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి తర్జుమా చేయిస్తోంది. తాలూకా కోర్టులో పడిన రెండేళ్ల శిక్షకు రెండు పేజీల తెలుగు రాయలేమా?

3. తాగిన కేసులో సెక్షన్ ఎంత ముఖ్యమో.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. అప్పీళ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మా దగ్గరకు వచ్చే ప్రతి ఇంటివాళ్లూ అనే మాట: ‘తాగి ఉన్నాడండీ, వాడికేం తెలుసు?’ ఆ మాటే అప్పీలు మెమోలో (అప్పీలు కారణాలు రాసే కాగితంలో) మొదటి అభ్యంతరంగా ఎక్కుతుంది. దాంతో కేసు గట్టిపడదు, పైగా కొట్టినట్టు ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎవరో బలవంతంగానో తెలియకుండానో తాగిస్తే తప్ప మత్తు రక్షణ కాదు. తనంతట తాను తాగినవాడికి తాగనివాడికి ఉండేంత తెలివిడి ఉన్నట్టే చట్టం లెక్కగడుతుంది. పాత శిక్షాస్మృతిలో 85, 86 సెక్షన్లు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 23, 24. అయితే ‘తెలివిడి’ వేరు, ‘ఉద్దేశం’ వేరు. 1956లో బాస్‌దేవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: తెలివిడిని ఊహించుకోవచ్చు గానీ ఉద్దేశాన్ని పరిస్థితుల నుంచి రాబట్టాలి. (ఆ కేసులో ముద్దాయికి మేలు జరగలేదు. పెళ్లింట తాగి పిల్లవాణ్ని కాల్చినవాడి శిక్ష అలాగే నిలిచింది. కాబట్టి ఆ తీర్పును మంత్రంలా వల్లిస్తే సరిపోదు.)

కాబట్టి అప్పీలులో చూపించాల్సింది మత్తును కాదు, దెబ్బను. ఏ వస్తువుతో, ఎన్ని దెబ్బలు, ఒంటి మీద ఎక్కడ, ఆ సమయంలో అన్న మాటలేమిటి, వస్తువు ఇంటి నుంచి తెచ్చాడా, అక్కడే చేతికి దొరికిందా, పడిపోయాక మళ్లీ కొట్టాడా, ఆగిపోయాడా. హత్యాయత్నం అనాలంటే చంపే ఉద్దేశమో, చావొచ్చన్న తెలివిడో ఇలాంటి వాటి నుంచి తేలాలి.

సెక్షన్ మారితే ఏం మారుతుందో చూడండి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. మామూలు గాయానికి 115(2), ఏడాది వరకు. ప్రమాదకరమైన ఆయుధంతో గాయానికి 118(1), మూడేళ్ల వరకు. తీవ్రగాయానికి 117(2), ఏడేళ్ల వరకు. ఆయుధంతో తీవ్రగాయానికి 118(2), ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు, లేదా యావజ్జీవం. హత్యాయత్నానికి 109, పదేళ్ల వరకు, గాయం తగిలితే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. పగిలిన సీసా ఒకటే, దెబ్బ ఒకటే. మూడేళ్లకీ యావజ్జీవానికీ మధ్య తేడా అంతా సాక్ష్యంలోని నాలుగైదు వాక్యాల మీద నిలబడి ఉంటుంది. ఆ వాక్యాల్ని నమ్మడానికి కారణాలు తీర్పులో ఉంటాయి. తీర్పు అర్థం కానివాడు తన వకీలుకు ఏం చెప్పగలడు?

ఇంకో చిక్కు ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద మంచి నడవడి హామీ మీద వదలమని అడగాలంటే, ఆ నేరం మరణశిక్షకో యావజ్జీవానికో తగినది కాకూడదు. కాబట్టి 117(2) కింద శిక్ష పడినవాడు అడగవచ్చు, 118(2) కింద పడినవాడు అడగలేడు. 21 ఏళ్ల లోపు కుర్రాడయితే, యావజ్జీవం పడే నేరం కానప్పుడు, జైలుకు పంపడానికి కోర్టు ప్రత్యేక కారణాలు రాయాలి, ప్రొబేషన్ అధికారి నివేదిక చూడాలి. తీర్పులో ఆ కారణాలు లేకపోతే అదే ఒక అప్పీలు అంశం. రాజీ సంగతి కూడా అంతే. పాత శిక్షాస్మృతి 325 (తీవ్రగాయం) కేసులో దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే కోర్టు అనుమతితో రాజీకి వీలుంది, 326 (ఆయుధంతో తీవ్రగాయం) కేసులో లేదు. ఊరి పెద్దలు కూర్చోబెట్టి డబ్బు ఇప్పించి ‘అయిపోయింది’ అంటారు. 326 అయితే అక్కడితో అయిపోదు.

4. గాయం కాగితాలు.

ఎముక విరిగిందంటే తీవ్రగాయం కింద లెక్క. ఆ సంగతి రుజువు కావాలంటే ఎక్స్‌రే ప్లేటు, దాన్ని చూసి చెప్పిన డాక్టరు సాక్ష్యం కావాలి. డిశ్చార్జి టికెట్టులో ఒక ముక్క రాసి ఉండి, ప్లేటు కోర్టుకే రాలేదంటే ‘తీవ్ర’ అన్న మాటను గట్టిగా ప్రశ్నించవచ్చు. ఎముక విరగని కేసుల్లో కొన్నిసార్లు లెక్క ‘ఎన్ని రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నాడు, లేదా తన పనులు చేసుకోలేకపోయాడు’ అన్నదాని మీద నడుస్తుంది. పాత చట్టంలో అది 20 రోజులు, కొత్తదానిలో 15. నేరం తేదీ చూడకుండా కొత్త లెక్కతో పాత కేసు వాదించడమూ, పాత లెక్కతో కొత్త కేసు వాదించడమూ రెండూ తప్పే.

గుద్దు తగిలి వెనక్కి పడి, కాలవ సిమెంటు అంచు తగిలి తల పగిలిన కేసులు చాలా ఉంటాయి. అలాంటప్పుడు పగిలింది గుద్దు వల్లా, పడిపోవడం వల్లా అన్న ప్రశ్న డాక్టరును క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగారా? అడగకపోతే అప్పీలులో ఆ లోటు మోయాల్సి వస్తుంది. పోలీసులు స్వాధీనం చేసుకున్న సీసానో కర్రనో డాక్టరుకు చూపించి ‘ఈ గాయం దీనితో తగలొచ్చా’ అని అడిగారా అన్నది కూడా చూడాలి.

ఇక మత్తు పరీక్ష. ‘మద్యం వాసన వస్తోంది’ అని రాసినంత మాత్రాన ఎంత మత్తో తెలియదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అన్న హద్దు బండి నడిపేవాడికి పెట్టింది, కొట్లాటకు కాదు. ఆ అంకెను అప్పీలులో రాయడం వృథా.

5. ‘ఒప్పేసుకో, తొందరగా వదిలేస్తారు.’

ఈ సలహా ఎవరిస్తారో అందరికీ తెలుసు. నేరం ఒప్పుకున్నాక శిక్ష పడితే ఆ తర్వాత అప్పీలుకు మిగిలేది శిక్ష ఎక్కువైందా, చట్టబద్ధమా అన్నది మాత్రమే. నేరం చేయలేదన్న వాదనకు తలుపు మూసుకున్నట్టే. తెలుగువాడిని ఒడియాలో అడిగితే తల ఊపాడు, అది ఒప్పుకోలుగా రికార్డయింది. ఇలాంటిది జరగకూడదు. సాక్ష్యం ముద్దాయికి అర్థం కాని భాషలో నడిస్తే, కోర్టులోనే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత 314వ సెక్షన్ అంటోంది. ఆ పని ఎవరు చేశారో రికార్డులో పేరు ఉండాలి.

6. శిక్ష నిలుపుదల, జామీను.

చిన్న శిక్షల్లో అసలు సమస్య ఇది. అప్పీలు విచారణకు వచ్చేలోపు శిక్షే పూర్తయిపోవచ్చు. గెలిచినా పోయిన నెలలు తిరిగి రావు. నాగరిక్ సురక్షా సంహిత 430వ సెక్షన్ కింద అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి బెయిలు ఇవ్వమని అడగవచ్చు. నిర్ణీత కాలం శిక్షయితే ఈ విషయంలో ఉదారంగా చూడాలని 1999లో భగవాన్ రామా షిండే గోసాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకా తేలికైన దారి ఒకటుంది. తీర్పు నాటికి బెయిలు మీద ఉండి, మూడేళ్లకు మించని శిక్ష పడితే, శిక్ష వేసిన కోర్టే అప్పీలు వేసుకునేంత కాలం బెయిలు ఇవ్వగలదు. అది తీర్పు రోజే అడగాలి. ఆ రోజు ఇంటివాళ్లు ఆధార్ తప్ప ఏమీ లేకుండా వస్తారు. జామీనుదారు రాడు, భూమి పట్టా ఇంట్లో ఉంటుంది, జరిమానా డబ్బు చేతిలో ఉండదు. సాయంత్రానికి జైలు బండి ఎక్కిస్తారు. జరిమానా కట్టకపోతే దాని బదులు జైలు అదనం. విచారణ కాలంలో జైల్లో ఉన్న రోజులు అదే సంహిత 468వ సెక్షన్ కింద శిక్షలో తగ్గుతాయి గానీ జరిమానా బదులు పడే జైల్లో తగ్గవు.

జామీనుదారు సంగతి మా సరిహద్దుకు ప్రత్యేకం. పెళ్లిళ్లు, భూములు, బంధుత్వాలు అన్నీ అటు పాతపట్నం, మందస, ఇచ్ఛాపురం వైపు ఉంటాయి. బావమరిది పట్టా తెస్తే ‘ఆంధ్రా ఆస్తి చెల్లదు’ అంటారు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు సరిగ్గా ఇలాంటిదే. అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను తిప్పికొట్టారు. ఆ పద్ధతిని సుప్రీంకోర్టు గట్టిగా తప్పుబట్టింది. మలయాళీయో కన్నడిగుడో ఆంధ్రుడో బస్తర్‌లో అరెస్టయితే ఏం చేస్తాడని అడిగింది, ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకోవచ్చన్న రాజ్యాంగం 350వ అధికరణాన్ని కూడా గుర్తుచేసింది. 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల్లో స్థానిక జామీనుదారే కావాలన్న షరతు పెట్టవద్దని మళ్లీ సూచించింది. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవా సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది.

7. మొదటి నాలుగు రోజులు.

రోజూ తాగే అలవాటున్నవాడు శిక్ష పడి లోపలికి వెళ్తే, చివరిసారి తాగిన కొద్ది గంటల్లో వణుకు మొదలవుతుంది. రెండు రోజుల్లోపు మూర్ఛలు రావొచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి తప్పొచ్చు, అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. సరిగ్గా ఆ రోజుల్లోనే నకలు రసీదు, వకాలత్‌నామా, ‘అప్పీలు వద్దు’ అన్న కాగితం మీద వేలిముద్రలు పడుతున్నాయి. ఆ వేలిముద్రకు విలువ ఏమిటి?

8. దెబ్బ తిన్నవాడు.

నాగరిక్ సురక్షా సంహిత 395వ సెక్షన్ కింద ముద్దాయి నుంచి, 396 కింద రాష్ట్ర పథకం నుంచి పరిహారం అడిగే హక్కు అతనికి ఉంది. తీర్పులో పరిహారం మాట ఉందో లేదో అతనికీ తెలియదు, ఎందుకంటే తీర్పు అతనికీ అర్థం కాదు. తర్జుమా అడిగేటప్పుడు ఈ ఇంటి సంగతి మరచిపోవద్దు.

మా కోర్కెలు:

అ) జైలు శిక్ష పడిన ప్రతి తెలుగు ఖైదీకి, తీర్పు రోజు నుంచి మూడు రోజుల్లో, రెండు పేజీల తెలుగు సారాంశం ఇవ్వాలి. అందులో సెక్షన్లు, శిక్ష, జరిమానా, అది కట్టకపోతే ఎంత, తగ్గాల్సిన రోజులు, ఏ సాక్షుల్ని కోర్టు నమ్మింది, అప్పీలు ఏ కోర్టుకు, ఆఖరి తేదీ ఏది అన్నవి ఉండాలి. పూర్తి తర్జుమా కావాలా అని అడిగి దరఖాస్తు అక్కడే రాయించాలి.

ఆ) ఆ కాగితం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. వినిపించినవాడి పేరు, తేదీ రాయాలి. మద్యం మానేసిన వణుకులో ఉన్నవాడి దగ్గర డాక్టరు చూసి సరే అనేదాకా ఏ కాగితం మీదా వేలిముద్ర తీసుకోవద్దు.

ఇ) నాగరిక్ సురక్షా సంహిత 424వ సెక్షన్ కింద జైలు సూపరింటెండెంటు ద్వారా పంపే అప్పీలులో ‘నేను నిర్దోషిని’ అన్న ఒక్క వాక్యం కాకుండా, న్యాయసేవా సంస్థ వకీలు ఖైదీతో తెలుగులో మాట్లాడి అంశాలు రాయాలి. జైల్లో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దక్కుతుంది. 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ అదే చెబుతోంది. న్యాయసహాయం ఫోను నంబరు 15100ను తెలుగులో రాసి ములాఖాత్ గది బయట పెట్టండి.

ఈ) ‘అప్పీలు చేస్తే శిక్ష పెంచుతారు’ అన్న పుకారు జైళ్లలో బాగా తిరుగుతోంది. ఖైదీ వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచే అధికారం కోర్టుకు లేదు. ప్రభుత్వం విడిగా అప్పీలు వేయడం లాంటి వేరే దారిలోనే ఆ ప్రశ్న వస్తుంది, అప్పుడూ ఖైదీ వాదన వినాల్సిందే. ఈ సంగతి జైలు అధికారులే ఖైదీలకు చెప్పాలి.

ఉ) ఆంధ్రా వైపు జామీనుదార్ల కాగితాల్ని అక్కడి తహసీల్దారు కార్యాలయంతో సరిచూసుకోవడానికి ఒక పద్ధతి, ఒక గడువు పెట్టండి. ఊరు వేరు అన్న కారణంతో తిప్పి పంపొద్దు.

ఊ) వకీళ్లకు విన్నపం: తీర్పు ఎప్పుడన్నది తెలిసిన రోజే ఇంటివాళ్లకు చెప్పండి. పట్టా, జామీనుదారు, జరిమానా డబ్బు, 430 దరఖాస్తు సిద్ధంగా ఉంచుకోమనండి. 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కేసుకు కోర్టు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఒక చీటీ మీద రాసివ్వండి, దాంతో కేసు ఎక్కడుందో ఫోనులోనే చూసుకుంటారు.

వీటిలో మొదటి నాలుగింటికి కొత్త చట్టమూ కొత్త పోస్టూ అక్కర్లేదు. తర్జుమాకు మనుషులు కావాలంటే మాలో మూడు భాషలూ రాయగలిగినవాళ్లు ఉన్నారు, న్యాయసేవా సంస్థ ప్యానెల్లో పెట్టుకుంటే పనిచేస్తారు. నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. 350వ అధికరణం ప్రకారం ఈ విన్నపం తెలుగులో ఇస్తున్నాం, మీ సౌకర్యం కోసం ఒడియా ప్రతి జతచేశాం.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల తెలుగు పారాలీగల్ వాలంటీర్లు, వకీళ్ల గుమాస్తాలు, అర్జీ రచయితలు
పర్లాకిమిడి